సరిహద్దు గాయానికి మందు వెదికిన రాబర్ట్ షూమన్

ఊరు కదలదు, ఇల్లు కదలదు, పొలం గట్టు కదలదు. కాని ఒకనాటి ఉదయానికి ఆ ఊరు మరొక ప్రభుత్వం కిందికి పోతుంది. కచ్చేరీ భాష మారుతుంది, బడి పుస్తకం మారుతుంది. సరిహద్దు గ్రామాలలో తరతరాలుగా నివసిస్తున్న మన తెలుగు కుటుంబాలకు ఈ మాట కొత్త కాదు. 1953లోను, 1956లోను రాష్ట్రాల ఎల్లలు గీసినప్పుడు మన పెద్దలు దీనిని చవిచూశారు. అయితే మన ఎల్లలు ఒకే దేశం లోపలివి. వాటి కోసం సైన్యాలు కదలలేదు. ఐరోపా ఖండంలో లొరేన్ అనే సీమకు ఆ అదృష్టం లేకపోయింది. 1871 మొదలు 1944 వరకు, డెబ్బై మూడేళ్ల కాలంలో, ఆ సీమలోని మెట్జ్ నగరం ఫ్రాన్సు, జర్మనీల మధ్య నాలుగుసార్లు చేతులు మారింది. మారిన ప్రతిసారీ యుద్ధంతోనే మారింది.

ఆ నగరంలో వకాలతు చేసుకొని బ్రతికిన ఒక నిరాడంబరుడు, రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఫ్రాన్సు విదేశాంగ మంత్రిగా ఉండి, ఆ రెండు దేశాల శత్రుత్వానికి ఒక విచిత్రమైన మందు కనిపెట్టారు. ఆయనే రాబర్ట్ షూమన్. ఇదే పేరుగల జర్మన్ సంగీత విద్వాంసుడు వేరు. అతడు 1856లోనే మరణించాడు. మనం చెప్పుకొనబోయేది రాజనీతిజ్ఞుడైన షూమన్ కథ.

జననం, బాల్యం

షూమన్ 1886 జూన్ 29వ తేదీన లక్సెంబర్గ్ నగర శివారు ప్రాంతమైన క్లౌసెన్‌లో జన్మించారు. తండ్రి జాన్ పియెర్ షూమన్ స్వగ్రామం ఎవ్రాంజ్. అది లక్సెంబర్గ్ ఎల్లను ఆనుకొని ఉన్న లొరేన్ పల్లె. తండ్రి ఫ్రెంచి పౌరుడిగానే పుట్టారు. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ జరిగిన యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయింది. మరుసటి సంవత్సరం జరిగిన సంధి ప్రకారం అల్సాస్ సీమ చాలా వరకు, లొరేన్‌లో ఒక భాగమూ కొత్తగా ఏర్పడిన జర్మన్ సామ్రాజ్యానికి దఖలు పడ్డాయి. అంతటితో ఎవ్రాంజ్ వాసి జర్మన్ పౌరుడయ్యారు. ఆయన ఎల్ల దాటి లక్సెంబర్గ్ చేరి అక్కడే స్థిరపడ్డారు. తల్లి యూజెనీ డ్యూరెన్ లక్సెంబర్గ్ దేశపు ఆడపడుచు.

కనుక ఆ దంపతుల ఏకైక సంతానమైన రాబర్ట్, ఫ్రెంచి మూలం గల తండ్రికి, లక్సెంబర్గ్ తల్లికి, లక్సెంబర్గ్ గడ్డపై, జర్మన్ పౌరుడిగా జన్మించారు. తల్లి ఒడిలో నేర్చినది లక్సెంబర్గ్ భాష. బడిలో నేర్చినవి జర్మన్, ఫ్రెంచి భాషలు. మూడూ ఆయనకు కరతలామలకాలే. అయినా జీవితాంతం ఆయన ఫ్రెంచి ఉచ్చారణలో జర్మన్ యాస వినబడుతూనే ఉండేది. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, బజారులో మరొక భాష మాట్లాడే మన పిల్లలకు దీని సంగతి వివరించి చెప్పనక్కరలేదు. యాస చూసి మనిషిని పరాయివాడని తేల్చేవారు అన్ని దేశాల్లోనూ ఉంటారు.

పద్నాలుగేళ్ల వయసులో, 1900లో, తండ్రి మరణించారు. లక్సెంబర్గ్‌లో ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసి, జర్మన్ విశ్వవిద్యాలయాలలో చేరేందుకు అవసరమైన పరీక్షను 1904లో మెట్జ్‌లో రాశారు. అటుపిమ్మట బాన్, మ్యూనిక్, బెర్లిన్, స్ట్రాస్‌బర్గ్ నగరాలలో న్యాయశాస్త్రం అభ్యసించి 1910లో డాక్టరేటు పొందారు. మరుసటి ఏడాది, 1911లో, తల్లి గుర్రపు బండి ప్రమాదంలో మరణించింది. ఆ దుఃఖంలో ఆయన సర్వం త్యజించి క్రైస్తవ మఠాధికారి కావాలని తలపోశారు. గృహస్థ సమాజంలో ఉండే సేవ చేయవచ్చునని ఆప్తులు చెప్పగా ఆ ఆలోచన విరమించారు. కాని వివాహం చేసుకోలేదు. ప్రతి ఉదయం ప్రార్థనకు వెళ్లే నియమం చివరిదాకా వదలలేదు. 1912లో మెట్జ్‌లో న్యాయవాద వృత్తి ప్రారంభించారు.

రెండు జెండాల నడుమ

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. చట్టరీత్యా షూమన్ జర్మన్ పౌరుడు. అనారోగ్యం వల్ల ఆయనను యుద్ధరంగానికి పంపలేదు. మెట్జ్‌కు సమీపాన ఉన్న బూలే పట్టణంలో పరిపాలనా కార్యాలయపు పనిలో ఉంచారు. 1918లో జర్మనీ ఓడిపోగానే అల్సాస్, లొరేన్ భాగాలు తిరిగి ఫ్రాన్సులో కలిశాయి. ముప్పై రెండేళ్ల వయసులో షూమన్ ఫ్రెంచి పౌరుడయ్యారు. 1919 ఎన్నికలలో మొసెల్ జిల్లా ప్రజలు ఆయనను పారిస్‌లోని ఫ్రెంచి పార్లమెంటుకు ఎన్నుకున్నారు.

ఆయన తొలి పెద్ద పని ఇక్కడే మొదలైంది. దాదాపు అర్ధ శతాబ్దం జర్మన్ పాలనలో ఉన్న సీమలో చట్టాలన్నీ వేరుగా ఉండేవి. కార్మికులకు జబ్బు చేసినప్పుడు, వృద్ధాప్యంలోను ఆసరాగా నిలిచే బీమా పద్ధతి జర్మన్ చట్టం వల్ల అక్కడ ఎప్పుడో ఏర్పడింది. ఫ్రాన్సులో అప్పటికి అంతటి ఏర్పాటు లేదు. ఫ్రెంచి చట్టాన్ని ఉన్నపళంగా రుద్దితే ప్రజలకు ఉన్నది పోతుంది. రుద్దకపోతే ఒకే దేశంలో రెండు చట్టాలవుతాయి. షూమన్ ఏళ్ల తరబడి సంఘాలలో కూర్చొని, ఒక్కొక్క అంశాన్నీ పరిశీలించి, ఏది మార్చాలో ఏది ఉంచాలో తేల్చే పనిలో ముఖ్య పాత్ర వహించారు. 1924 నాటి చట్టాలతో ఫ్రెంచి పౌర, వాణిజ్య న్యాయం అక్కడ అమలులోకి వచ్చినా, స్థానిక ఆచారాలు, బీమా హక్కులు అనేకం నిలిచాయి. అల్సాస్, మొసెల్ ప్రాంతాలలో ఆ స్థానిక చట్టం నేటికీ కొనసాగుతున్నది. పేరుప్రతిష్ఠలు తెచ్చే పని కాదది. కాని రెండు పద్ధతులను ఓపికగా ఒకదానితో ఒకటి జతపరిచే విద్య ఆయనకు అక్కడే అబ్బింది.

అదే కాలంలో ఆయన మరొక పాఠం కూడా చూశారు. 1919 నాటి వెర్సాయ్ సంధి జర్మనీపై భారీ నష్టపరిహారం విధించింది. అది చెల్లించలేదని 1923లో ఫ్రెంచి, బెల్జియన్ సేనలు జర్మనీలోని రూర్ బొగ్గు ప్రాంతాన్ని ఆక్రమించాయి. దాని వల్ల శాంతి రాలేదు, పగ పెరిగింది. ఆ పగను ఎరువుగా చేసుకొని హిట్లర్ పైకి వచ్చాడు.

చెర, అజ్ఞాతం

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు, జర్మన్ ఎల్ల వెంబడి ఉన్న అల్సాస్, మొసెల్ గ్రామాల ప్రజలను లక్షలాదిగా ఇళ్లు ఖాళీ చేయించి ఫ్రాన్సు పశ్చిమ, నైరుతి జిల్లాలకు తరలించారు. పశువులను కొట్టాలలోనే విడిచి, చేత మోయగలిగిన మూటలతో వారు బయలుదేరారు. 1940 మార్చిలో శరణార్థుల వ్యవహారాల ఉపమంత్రిగా షూమన్ నియమితులయ్యారు. కొన్ని వారాలకే జర్మన్ సేనలు విరుచుకుపడ్డాయి. జూన్‌లో ఫ్రాన్సు ఓడిపోయింది.

ఇక్కడ ఆయన జీవితంలోని ఒక మచ్చను దాచకుండా చెప్పాలి. 1940 జూలై 10న విషీ పట్టణంలో సమావేశమైన పార్లమెంటు, మార్షల్ పెతాకు సర్వాధికారాలు అప్పగించింది. అనుకూలంగా ఓటు వేసిన 569 మందిలో షూమన్ ఒకరు. పెతా ప్రభుత్వం తరువాత హిట్లర్‌కు తోడుపడింది. షూమన్ ఆ ప్రభుత్వంలో పదవి కొనసాగించలేదు. మెట్జ్‌కు తిరిగి వచ్చారు. సెప్టెంబరులో జర్మన్ రహస్య పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. ఏడు నెలలు మెట్జ్ చెరసాలలో ఒంటరిగా ఉంచి, 1941 ఏప్రిల్‌లో జర్మనీలోని నాయ్‌స్టాట్ పట్టణానికి తరలించి అక్కడ నిఘాలో ఉంచారు.

ఈ మధ్యకాలంలో ఆయన సీమ మళ్లీ జర్మనీ అయిపోయింది. వీధుల పేర్లు మార్చారు. ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలను వేలాదిగా వెళ్లగొట్టారు. 1942 ఆగస్టు నుండి అల్సాస్, మొసెల్ యువకులను బలవంతంగా జర్మన్ సైన్యంలో చేర్చారు. అలా ఇష్టం లేకుండా శత్రువు దుస్తులు తొడిగినవారు సుమారు 1,30,000 మంది. ఒకే ఇంటి తాత జర్మన్ సిపాయిగా, తండ్రి ఫ్రెంచి సిపాయిగా, మనుమడు మళ్లీ జర్మన్ సిపాయిగా తుపాకి పట్టిన ఉదంతాలు ఆ గ్రామాలలో విడ్డూరం కాదు.

1942 ఆగస్టులో షూమన్ నాయ్‌స్టాట్ నుండి తప్పించుకొని ఫ్రాన్సు చేరారు. జర్మనీ ఈ యుద్ధంలో ఓడి తీరుతుందని ఆనాడే మిత్రులకు చెప్పారు. అటుపై యుద్ధం ముగిసేవరకు మఠాలలో, మిత్రుల ఇళ్లలో తలదాచుకున్నారు. తనను చెరబెట్టిన దేశంపై ఆయనకు ద్వేషం కలిగి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని అజ్ఞాతంలో ఆయన ఆలోచన వేరు దిక్కున సాగింది. ఈసారి జర్మనీ ఓడిన తరువాత ఏమి చేయాలి, 1919లో చేసిన తప్పు మళ్లీ చేయకుండా ఉండడమెలా అన్నదే ఆయన మథనం.

రెండుగా చీలిన ఖండం

1945లో యుద్ధం ముగిసింది. 1940 నాటి ఓటు కారణంగా మొదట షూమన్‌కు ఎన్నికలలో పోటీచేసే అర్హత లేకుండా పోయింది. జనరల్ డీగాల్ జోక్యంతో ఆ చిక్కు తొలగి, అదే ఏడాది తిరిగి ఎన్నికయ్యారు. 1946లో ఆర్థిక మంత్రి, 1947 నవంబరులో ప్రధానమంత్రి అయ్యారు. దేశమంతటా సమ్మెలు, రొట్టెకు కూడా రేషను, ధరల మంట. అటువంటి కాలంలో ఆ పదవి ముళ్లకిరీటమే. ప్రతిపక్ష సభ్యులు నిండు సభలో ఆయన జర్మన్ పుట్టుకను ఎత్తిచూపి గేలిచేశారు. ఆయన స్వరం పెంచలేదు. మంత్రిగా ఉండి కూడా కార్యాలయంలో అక్కరలేని దీపాలు స్వయంగా ఆర్పేవారని, సెలవు దొరికితే రైలెక్కి మెట్జ్ పక్కనున్న సీ-షాజెల్ గ్రామంలోని తన ఇంటికి పోయి పుస్తకాల మధ్య గడిపేవారని ప్రతీతి.

1948 జూలైలో ఆయన విదేశాంగ మంత్రి పదవి చేపట్టారు. నాటి ఐరోపా నడుమకు చీలిపోయి ఉంది. ఓడిన జర్మనీని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, సోవియట్ యూనియన్ నాలుగు మండలాలుగా పంచుకొన్నాయి. రాజధాని బెర్లిన్‌ను సైతం నాలుగు ముక్కలు చేశాయి. ఖండం పునర్నిర్మాణానికి 1947లో అమెరికా మార్షల్ పథకాన్ని ప్రకటించగా, తూర్పు దేశాలు చేరకుండా సోవియట్ ప్రభుత్వం అడ్డుపడింది. 1948 ఫిబ్రవరిలో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టు పార్టీ అధికారమంతా హస్తగతం చేసుకుంది. అదే జూన్‌లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు దారులన్నీ మూసివేశాయి. సుమారు పదకొండు నెలలు ఆ నగరానికి తిండిగింజలు, బొగ్గు విమానాలలో చేరవేయవలసి వచ్చింది. 1949లో పశ్చిమాన ఒక జర్మనీ, తూర్పున ఒక జర్మనీ రెండు వేర్వేరు రాజ్యాలుగా ఏర్పడ్డాయి. అదే ఏప్రిల్‌లో నాటో ఒప్పందంపై ఫ్రాన్సు తరఫున సంతకం చేసినవారు షూమనే.

ఫ్రాన్సుకు అసలు చిక్కు పశ్చిమ జర్మనీతోనే. అమెరికా, బ్రిటన్ దానిని త్వరగా నిలబెట్టాలని కోరుతున్నాయి. ఫ్రాన్సు ప్రజలకు అది భయం. జర్మన్ ఉక్కు ఉత్పత్తిపై మిత్రరాజ్యాలు ఏడాదికి సుమారు 1 కోటి 11 లక్షల టన్నుల పరిమితి విధించగా, దానిని 1 కోటి 40 లక్షలకు పెంచాలని జర్మనీ అడుగుతున్నది. ఉక్కు పెరిగితే ఫిరంగులు పెరుగుతాయన్నది ఫ్రెంచి ప్రజల అనుభవం. దీనికి తోడు, బొగ్గు గనులున్న సార్ ప్రాంతాన్ని ఫ్రాన్సు జర్మనీ నుండి వేరుచేసి తన ఆర్థిక పరిధిలో ఉంచుకుంది. ఆ విషయమై 1950 జనవరిలో షూమన్ బాన్ నగరానికి వెళ్లినప్పుడు స్వాగతం చల్లగానే ఉంది. 1949లోనే అమెరికా, బ్రిటన్ మంత్రులు జర్మనీ విషయంలో ఒక దారి చూపే బాధ్యతను ఆయనకు అప్పగించారు. 1950 మే 10న లండన్‌లో మంత్రుల సమావేశం. ఆయన చేతిలో ఏ ప్రతిపాదనా లేదు.

మే 9వ తేదీ

ఫ్రాన్సు ప్రణాళికా సంఘానికి అధిపతిగా ఉన్న జాన్ మొనే ఆ సమయంలో కొద్దిమంది సహచరులతో ఒక ముసాయిదా సిద్ధం చేశారు. ఏప్రిల్ చివరి శుక్రవారం షూమన్ పారిస్ తూర్పు స్టేషనులో మెట్జ్ రైలు ఎక్కగా, ఆయన కార్యాలయ ముఖ్యుడు బెర్నార్ క్లాపియే ఆ కాగితాలను చేతికిచ్చి చదవమని కోరారు. షూమన్ వాటిని సీ-షాజెల్ ఇంట్లో చదివారు. సోమవారం తిరిగి వచ్చి, తాను దీనిని స్వీకరిస్తున్నానని తెలిపారు.

పథకం సారాంశం సులభం. ఫ్రాన్సు, జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తి అంతటినీ రెండు దేశాలకూ చెందని ఒక ఉమ్మడి ఉన్నతాధికార సంస్థ కిందికి తేవాలి. ఇష్టమున్న ఇతర దేశాలు కూడా చేరవచ్చు. జర్మనీ చేతులు ఒక్కదానివే కట్టడం కాదు. ఫ్రాన్సు తన చేతులను కూడా అదే తాడుతో కట్టుకోవాలి. ఓడినవానికీ గెలిచినవానికీ ఒకే నియమం. రూర్ బొగ్గు లేనిదే లొరేన్ ఇనుప ఖనిజం కరగదు. ప్రకృతి జతపరిచిన ఆ రెంటి నడుమ రాజ్యాలు ఎల్ల గీశాయి, ఆ ఎల్ల కోసం మూడు యుద్ధాలు చేశాయి. ఆ రెండూ ఒకే లెక్కలోకి వస్తే ఒక దేశం మరొక దేశానికి తెలియకుండా ఆయుధాలు పోగుచేయడం అసాధ్యమవుతుంది.

మే 8న షూమన్ ఒక నమ్మకస్తుని రహస్యంగా బాన్ పంపారు. పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ కోన్రాడ్ అడెనావర్ మే 9 ఉదయం లేఖ చదివి వెంటనే సమ్మతించారు. పారిస్‌లో మంత్రివర్గ సమావేశం జరుగుతుండగా ఆ కబురు అందింది. అప్పుడు షూమన్ క్లుప్తంగా విషయం చెప్పి అనుమతి పొందారు. సాయంకాలం ఆరు గంటలకు విదేశాంగ కార్యాలయంలో పత్రికల వారిని పిలిచి, తన మెల్లని గొంతుతో ప్రకటన చదివారు. ఆ ఘట్టాన్ని ఫొటో తీసినవారు లేకపోగా, తరువాత మరొకమారు చదివించి ఫొటోలు తీయవలసి వచ్చింది. ఐరోపా చరిత్రను మలుపు తిప్పిన రోజున ఆర్భాటం అంత తక్కువ.

ఈ యత్నంలో ఆయనకు దొరికిన జతగాళ్లూ ఎల్లల మనుషులే. అడెనావర్ ఫ్రాన్సుకు దగ్గరి రైన్ నదీ తీరవాసి. ఇటలీ ప్రధాని అల్చీడె డి గాస్పరి, ఆస్ట్రియా సామ్రాజ్యం కింద ఉన్న ట్రెంటో సీమలో పుట్టి, యవ్వనంలో వియన్నా పార్లమెంటులో సభ్యుడిగా ఉన్నారు. ముగ్గురూ కలిసినప్పుడు దుబాసీ అవసరం లేకుండా జర్మన్‌లోనే మాట్లాడుకోగలిగేవారు.

బొగ్గు, ఉక్కు కూటమి

1950 జూన్ 20న చర్చలు మొదలయ్యాయి. బ్రిటన్ చేరడానికి నిరాకరించింది. ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ దేశాలు 1951 ఏప్రిల్ 18న పారిస్‌లో ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఒప్పందం 1952 జూలైలో అమలుకు వచ్చింది. ప్రధాన కార్యాలయం ఎక్కడ పెట్టాలన్న వాదులాట తెగక, చివరకు లక్సెంబర్గ్‌లో పెట్టారు. ఆ విధంగా షూమన్ జన్మించిన నగరమే కొత్త సంస్థకు తొలి నివాసమయింది. మొనే దాని తొలి అధ్యక్షుడు.

తొమ్మిది మంది సభ్యులుగల ఆ ఉన్నతాధికార సంస్థ ఏ ప్రభుత్వపు ఆజ్ఞకూ బద్ధం కాదు. బొగ్గు, ఉక్కు కర్మాగారాల నుండి నేరుగా స్వల్ప సుంకం వసూలు చేసుకొనే అధికారం దానికుండేది. ఆ నిధితో మూతపడిన గనుల కార్మికులకు కొత్త పని నేర్పించారు, కార్మికులకు ఇళ్లు కట్టించారు. ఆరు దేశాల నడుమ బొగ్గుపైన, ఉక్కుపైన ఎల్ల దగ్గర వసూలు చేసే సుంకాలు తొలగించారు. సరుకు ఎల్ల దాటిన చోటల్లా రైలు కిరాయి మొదటి నుండి లెక్కగట్టే పద్ధతినీ మాన్పించారు. తగాదాలు వస్తే తీర్చడానికి న్యాయస్థానం, ప్రశ్నించడానికి సభ ఏర్పడ్డాయి. నేటి ఐరోపా సమాఖ్య సంస్థలు వాటి నుండే పెరిగాయి.

అన్నీ నెగ్గలేదు. ఉమ్మడి సైన్యం కోసం 1952లో చేసిన ఒప్పందాన్ని 1954 ఆగస్టు 30న ఫ్రెంచి పార్లమెంటే తిరస్కరించింది. అప్పటికి షూమన్ విదేశాంగ పదవి పోయి ఏడాదిన్నర దాటింది. సార్ ప్రజలు 1955 అక్టోబరులో ఓటు వేసి, తమ సీమను ఐరోపా పర్యవేక్షణలో విడిగా ఉంచే ఏర్పాటును తోసిపుచ్చారు. 1957 జనవరి 1న ఆ సీమ పశ్చిమ జర్మనీలో కలిసింది. గమనించవలసినదేమంటే, రెండు దేశాల నడుమ ఒక ఎల్ల తుపాకి పేలకుండా, ప్రజల ఓటును మన్నించి మారింది. పదేళ్ల క్రితం అది ఊహకందని సంగతి.

దీపం కింద చీకటి

పొరుగు దేశంతో సమానత్వం కోరిన షూమన్ పరాధీన దేశాల విషయంలో అంత ధైర్యం చూపలేకపోయారు. ట్యునీషియాను స్వాతంత్ర్యం దిశగా నడిపిస్తామని 1950 జూన్‌లో తియోన్‌విల్ సభలో ప్రకటించి, ఫ్రెంచి వలసవాసుల ఒత్తిడికి లొంగి 1951 డిసెంబరులో ఆ దేశ కోరికను తోసిపుచ్చే లేఖపై సంతకం చేశారు. ఇండోచైనా యుద్ధం ఆయన పదవీకాలమంతా సాగింది.

మన యానాం కూడా ఆనాడు ఫ్రెంచి జెండా కిందనే ఉంది. ఆయన ప్రధానిగా ఉన్న 1948 జూన్‌లో, ఫ్రెంచి స్థావరాల భవిష్యత్తును అక్కడి ప్రజలే తేల్చుకోవాలని భారత, ఫ్రెంచి ప్రభుత్వాలు అంగీకరించాయి. 1950 మే 2న, షూమన్ ప్రకటనకు సరిగ్గా వారం ముందు, చంద్రనగర్ పాలన భారత్ చేతికి వచ్చింది. పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంలకు మాత్రం 1954 నవంబరు 1 వరకు వేచి ఉండవలసి వచ్చింది. చట్టరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న గాని పూర్తికాలేదు. ఒక మహనీయుని చరిత్ర చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పడం న్యాయం.

చివరి రోజులు

1957 మార్చి 25న రోమ్ ఒప్పందంతో ఆరు దేశాలూ ఉమ్మడి విపణిగా మారాయి. 1958 మార్చిలో ఐరోపా పార్లమెంటరీ సభకు షూమన్ తొలి అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 1960లో ఆ పదవి విడిచేటప్పుడు సభ ఆయనను ఐరోపా పితగా గౌరవించింది. తూర్పున మాత్రం చీకటి తొలగలేదు. 1956లో హంగరీ ప్రజల తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణచివేశాయి. 1961 ఆగస్టులో బెర్లిన్ నడుమ గోడ లేచింది. తూర్పు దేశాల ప్రజలు కూడా ఐరోపా వారేనని, వారు స్వేచ్ఛ పొంది వచ్చేనాటికి వారికి చోటు సిద్ధంగా ఉంచడం తమ విధి అని షూమన్ విశ్వసించారు. ఆ రోజు చూడకుండానే 1963 సెప్టెంబరు 4న సీ-షాజెల్ ఇంట్లో కన్నుమూశారు. ఇంటికి ఎదురుగా ఉన్న చిన్న పాత చర్చిలో ఆయన సమాధి ఉంది. ఇల్లు ప్రదర్శనశాలగా నిలిచింది. 2021లో పోప్ ఫ్రాన్సిస్ ఆయనను పూజనీయుల కోవలో చేర్చారు.

1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకొంది. 1990 అక్టోబరు 3న రెండు జర్మనీలు ఒకటయ్యాయి. 2004 మే 1న ఐరోపా సమాఖ్యలో చేరిన పది దేశాలలో ఎనిమిది, ఒకప్పుడు కమ్యూనిస్టు పాలనలో ఉన్నవే. మే 9వ తేదీని ఐరోపా దినంగా జరపాలని 1985లో నిర్ణయించారు. అదే ఏడాది జూన్ 14న ఎల్లల వద్ద తనిఖీలు తొలగించే ఒప్పందం కుదిరింది. అది కుదిరిన చోటు షెంగెన్. మొసెల్ నది ఒడ్డున మూడు దేశాలు కలిసే ఆ లక్సెంబర్గ్ పల్లె, షూమన్ తండ్రి పుట్టిన ఎవ్రాంజ్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది.

ఆయన పని పూర్తయిందని అనలేము. 2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్యను విడిచిపోయింది. ఎత్తివేసిన తనిఖీలు ఇటీవలి ఏళ్లలో కొన్ని ఎల్లల వద్ద మళ్లీ వచ్చాయి. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌పై పెద్ద ఎత్తున దాడి ప్రారంభించి, ఎల్లల కోసం యుద్ధం ఆ ఖండంలో ఇంకా చావలేదని చాటాయి. ఇరుపక్షాలూ తమ చేతులు కట్టుకోవడానికి సమ్మతించిన చోటనే షూమన్ మందు పనిచేస్తుంది.

అయినా ఒక్క సంగతి నిలిచింది. 1870, 1914, 1940 సంవత్సరాలలో మూడుమార్లు కత్తులు దూసిన ఫ్రాన్సు, జర్మనీలు 1945 తరువాత మరి పోరాడలేదు. మెట్జ్ పరిసరాల గ్రామాల నుండి వేలాదిమంది నేడు ప్రతి ఉదయం ఎల్ల దాటి లక్సెంబర్గ్‌కు పనికి పోయి సాయంత్రం ఇల్లు చేరుతున్నారు. వారికి ఎల్ల అంటే దారి పక్కన ఒక పలక. షూమన్ ఏ ఎల్లనూ చెరపలేదు, ఎవరి భాషనూ విడిచిపెట్టమనలేదు. ఎల్లకు ఇరువైపులవారూ ఒకే గనిని, ఒకే కొలిమిని పంచుకొనేలా చేశారు. వాగు నీటికో, బడి మాధ్యమానికో, బస్సు దారికో ఎల్లకు ఆవలి ఊరితో పేచీ వచ్చినప్పుడు, ఎవరు ఎవరి ప్రాంతం వారన్న వాదం కంటె, ఇద్దరికీ ఉమ్మడిగా అవసరమైన వస్తువు ఏదో ముందు వెదకడం మేలని ఆ సరిహద్దు వకీలు జీవితం మనకు తెలుపుతున్నది.